చెయ్యి పెట్టని చోటు

కోయిలకుంట్లలో శనగల వ్యాపారం చేసే హుసేన్ వలి బస్తా పైభాగాన్ని ఎన్నడూ నమ్మలేదు. రైతు బండి దిగి, మూతి విప్పి, దోసెడు గింజలు తీసి "చూడు సావుకారీ, ముత్యాలు" అంటే నవ్వి ఊరుకునేవాడు. పక్కనే ఉన్న ఇనుప కడ్డీ అందుకొని బస్తా నడుములోకి గుచ్చేవాడు. మూరెడు పొడవున్న ఆ కడ్డీకి మధ్యలో గాడి ఉంటుంది. లోపలి గింజ ఆ గాడిలో పడి బయటికి వస్తుంది. తేమా, పుచ్చూ, మట్టీ, నిరుటి సరుకూ అన్నీ అందులో తేలిపోతాయి. వాటిని అరచేతిలో పోసుకొని, వేలితో కెలికి, ఒకటి కొరికి చూసి అప్పుడు ధర చెప్పేవాడు. ముప్పై ఏళ్ళలో ఆయన అంచనా తప్పింది మూడుసార్లు. ఆ మూడూ ఆయనకు తేదీలతో సహా గుర్తు.

నాలుగోసారి తప్పింది శనగల్లో కాదు, కుక్కలో.

ఆ కుక్క ఐదేళ్ళ కిందట ఒక పల్లె నుంచి తిరిగి వచ్చిన ఖాళీ సంచుల కట్టలో కళ్ళు కూడా తెరవకుండా వచ్చింది. గోడౌను ఊడ్చే గంగక్క దానికి గుడ్డపీలికతో పాలు పట్టి బతికించి, సంచిగాడు అని పేరు పెట్టింది. వాడు గోడౌనులోనే పెరిగాడు, సంచుల మీదే పడుకున్నాడు. తెల్లవారుజామున వలి మసీదుకు బయలుదేరితే వెంట నడిచి, గేటు బయట చెప్పుల వరస పక్కన కూర్చునేవాడు. నమాజు అయ్యాక మళ్ళీ వెంట నడిచేవాడు.

ఐదేళ్ళలో వలి వాణ్ణి ఒక్కసారి కూడా తాకలేదు. కుక్క తడి తగిలిన బట్టతో నమాజుకు నిలబడకూడదన్నది ఆయన ఇంట్లో తాతల నాటి నుంచి పాటిస్తున్న పద్ధతి. దానికి అసహ్యం అని పేరు పెట్టలేం. అన్నం గిన్నెను కర్రతో ముందుకు తోసేవాడు, మాటలు మాత్రం దండిగా చెప్పేవాడు. మనిషికీ కుక్కకూ మధ్య ఎప్పుడూ మూరెడు దూరం ఉండేది. ఆ దూరం ఇద్దరికీ అలవాటైపోయింది.

రెండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం వలి గోడౌనులో నిలబడి ఫోన్లో బేరం మాట్లాడుతుంటే వాడు ఒకటే మొరిగాడు. తిట్టినా ఊరుకోలేదు. చెప్పు తీసి విసరడానికి వలి రెండడుగులు ముందుకు వేశాడు. ఆ రెండడుగుల వెనక, ఆయన నిలబడిన చోట, బస్తాల దొంతర కూలింది. తర్వాత లెక్కపెడితే నలభై నాలుగు బస్తాలు. బస్తా యాభై కిలోల చొప్పున ఇరవై రెండు క్వింటాళ్ళు. ఆ బరువు ఆ కుక్కకు తాను బాకీ అని వలి ఎవరితోనూ అనలేదు. మనసులో మాత్రం ఖాతా వేసుకున్నాడు.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజున గంగక్క చీపురు పట్టుకొని ఆయన ముందు నిలబడింది.

"సావుకారీ, సంచిగానికి పిడుదులు పట్టినాయి. చెవుల్లో చూడు, ఆముదం గింజలు అంటించినట్ల ఉండాయి."

"పొడి చల్లు."

"పొడి పైపైన్నే నిలబడతాది. చెయ్యి పెట్టి ఏరల్ల. నాకు అందినకాడికి ఏరి కిరసనాయిల్లో ఏసినా. గోడ నెర్రెల్లో గూడా బిలబిల పాకుతాండాయి. మందు కొట్టియ్యి."

"గోడౌన్లో మందు కొడితే శనగలు వాసన పడతాయి గంగక్కా. లోపల ఎనిమిది వందల బస్తాలు ఉండాయి. ఒక్క దాంట్లో వాసన వచ్చినా లారీ లారీనే తిరిగొస్తాది. సరుకు పోనీ, చూద్దాం."

"అంతవరకూ వాన్నన్నా బయట కట్టెయ్."

"కాపలా ఎవరు కాస్తారు? నువ్వా?"

"అన్నిటికీ నీ కాడ ఒక లెక్క ఉండాదిలే" అని గంగక్క చీపురు దులుపుకొని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి లెక్కపెడితే పదిహేనో రోజున సంచిగాడు అన్నం వదిలేశాడు. ఎండల వల్ల అనుకున్నాడు వలి. రెండు రోజులకు మళ్ళీ తిన్నాడు. చూశావా, తగ్గింది అనుకున్నాడు. వాడి వీపు నున్నగా, నల్లగా మెరుస్తూనే ఉంది. ఇరవయ్యో రోజున మసీదు దాకా నడవలేక సగం దారిలో కూర్చున్నాడు. ఇరవై రెండో రోజు తెల్లవారి వలి గోడౌను తలుపు తీసేసరికి సంచుల మీద పడుకొని ఉన్నాడు. ముక్కులోంచి కారిన రక్తం కింద సంచి మీద అరచెయ్యంత మేర గడ్డకట్టకుండా తడిగా ఉంది.

పశువుల ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కనురెప్ప లాగి చూసి, "ఇది మాతో కాదు వలీ, రక్తం పరీక్ష చెయ్యాల. కర్నూలుకు తీసుకపో. ఇప్పుడే" అన్నాడు. గంగక్క కుక్కను ఎత్తి వ్యానులో పడుకోబెట్టింది. వాసన తెలిసిన సంచి అయితే బెదరడని, వాడు పడుకునే సంచినే కింద పరిచింది. వలి ఒక్కడే వ్యాను నడుపుకుంటూ బనగానపల్లె, పాణ్యం, ఓర్వకల్లు దాటి కర్నూలు చేరేసరికి పది కావస్తోంది.

కొత్త బస్టాండు దగ్గర సందులో కుక్కల వైద్యం చేసే డాక్టరు శివాని ముప్పై దాటని అమ్మాయి. కుక్క పెదవి పైకి మడిచింది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. వెల్లకిలా తిప్పి పొట్ట చూపించింది. బొచ్చు లేని చోటంతా ఎర్రటి చుక్కలు, కందిగింజలు చల్లినట్టు.

"ఈ మచ్చలు ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి వలిగారూ?"

"తెలీదమ్మా."

"జ్వరం ఎప్పటి నుంచి?"

"తెలీదు."

"ఒళ్ళు కాలుతోంది కదా. చివరిసారి మీరు చెయ్యి పెట్టి చూసిందెప్పుడు?"

వలి గోడ వైపు చూశాడు. "పెట్టలేదు" అన్నాడు.

డాక్టరమ్మ కుక్క ముందుకాలి నుంచి రక్తం తీసి యంత్రంలో పెట్టింది. కాగితం బయటికి రాగానే వలి అడిగాడు. "అంకెలు చెప్పమ్మా. నాకు అంకెలు అర్థమైతాయి."

"రక్తాన్ని గడ్డకట్టించే కణాలు రెండు లక్షలు ఉండాలి. వీడికి ఎనిమిది వేలు ఉన్నాయి."

నూటికి నాలుగు, అనుకున్నాడు వలి.

"రక్తం చిక్కదనం నలభై ఉండాలి. పదకొండు ఉంది. పిడుదు కరిచి రక్తం తాగేటప్పుడు ఒక క్రిమిని లోపల వదులుతుంది. అది రక్తంలో చేరి చాలా రోజులు నెమ్మదిగా తినేస్తుంది. పైకి కుక్క బాగానే కనిపిస్తుంది. మందు ఉంది. ఇరవై ఎనిమిది రోజులు వాడాలి. కానీ ఆ మందు పట్టుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ రక్తంతో వీడు అన్ని రోజులు నిలబడడు."

"అంటే ఆ రెండు రోజులు యాడ్నుంచన్నా తేవల్ల."

"అవును. ఇంకో కుక్క రక్తం ఎక్కించాలి. పాతిక కిలోలకు తగ్గని కుక్క కావాలి, దానికి ఈ జబ్బు ఉండకూడదు. సాయంత్రంలోగా కావాలి. కుక్కల రక్తం నిలవ ఉంచే చోటు ఈ ఊళ్ళో లేదు."

తర్వాత కింద పరిచిన సంచి చూసి ఆమె అడిగింది. "వీడు పడుకునేది ఎక్కడ?"

వలి చెప్పాడు. గోడౌనూ, సంచులూ, గోడ నెర్రెలూ.

"మీకు కుక్క మీద కనిపించేవి కొన్నే. మిగతావన్నీ గోడల్లో ఉంటాయి. ఒక్క ఆడ పిడుదు మూడు వేల గుడ్లు పెడుతుంది. ముందు ఈ సంచి బయట కాల్చేయండి."

వలి సంచి తీసుకొని బయటికి వెళ్ళాడు. చిరుగు లేని సంచి అది. ముప్పై ఏళ్ళలో ఆయన మంచి సంచిని పారేసింది లేదు. చేతులు వాటంతటవే దాన్ని నాలుగు మడతలు పెట్టాయి. వ్యాను వెనక మూలలో పడేసి లోపలికి వచ్చేశాడు.

ఆ తర్వాత ఫోను పట్టుకున్నాడు. ఆయన ఫోనులో వెయ్యిన్నర నంబర్లు ఉన్నాయి. రైతులు, కమీషన్ ఏజెంట్లు, లారీల వాళ్ళు, మిల్లుల వాళ్ళు. ఏ ఊళ్ళో ఏ సరుకు ఉందో పావుగంటలో తెలుసుకోగలడు. ఇప్పుడు అడుగుతున్న సరుకు పేరు చెప్పగానే అవతలి వాళ్ళు నవ్వారు. "కుక్కకు రక్తమా? ఎండదెబ్బ గిన తగిలిందా సావుకారీ?" అన్నాడొకడు. "నాలుగు కుక్కపిల్లలు పంపిస్తా, తీసుకోప్పా" అన్నాడు ఇంకొకడు. పదిహేడు ఫోన్లు చేశాడు. పదిహేడూ ఖాళీ.

ఈలోగా డాక్టరమ్మ తనకు తెలిసిన కాంట్రాక్టరు రాజశేఖర్‌ను పిలిపించింది. ఆయన ఏసీ కారులో, బంగారు రంగు బొచ్చున్న ముప్పై ఐదు కిలోల కుక్కను తెచ్చాడు. దాని మీద సెంటు వాసన. వలికి ప్రాణం లేచి వచ్చింది. డాక్టరమ్మ దాని రక్తం బొట్టు ఒకటి చిన్న ప్లాస్టిక్ పలక మీద వేసింది. "ఒక్క గీత వస్తే మంచిది. రెండు వస్తే జబ్బు ఉన్నట్టు" అంది. ముగ్గురూ వంగి చూశారు. మొదటి గీత వచ్చింది. పది నిమిషాలకు దాని పక్కన పల్చగా రెండోది తేలింది.

"మా వాడికా?" రాజశేఖర్ గొంతు లేచింది. "వారానికి రెండుసార్లు షాంపూ పెట్టిస్తాను మేడమ్! నా బెడ్‌రూమ్‌లో పడుకుంటాడు!"

"మంచిదైంది, ఇప్పుడే తెలిసింది. ఇవాళే మందు మొదలుపెడదాం" అంది డాక్టరమ్మ. ఆయన కుక్క బతుకుతుంది. వలి కుక్కకు మాత్రం రక్తం దొరకలేదు. పన్నెండున్నర అయింది, చిక్కదనం పదకొండులోంచి ఇంకా దిగుతోంది.

వలి బయట మెట్ల మీద కూర్చున్నాడు. భార్య గుల్షన్ బీ ఫోను చేసింది.

"ఎట్లుండాడు?"

"లేదు గుల్షన్. ఏదీ దొరకడం లేదు."

"పక్కనే కూచున్నావా?"

"బయట ఉండా."

"బయట ఎందుకుండావు? పోయి తల మీద చెయ్యి పెట్టు. కడుక్కోను నీళ్ళు దండిగా ఉండాయి. ఆ జీవం పోతే మళ్ళా తేలేవు." వెంటనే మళ్ళీ అంది. "పెద్ద ఈరన్న మంద యాడుండాది? ఆ గొర్రెల కుక్క ఎద్దంత ఉండాదంటారే."

ఆ పేరు వలికి ఎప్పుడో గుర్తొచ్చింది. గుర్తొచ్చినా పక్కకు తోశాడు. మూడేళ్ళ కింద పెద్ద ఈరన్న తన రెండెకరాల శనగలు తెచ్చినప్పుడు, నలుగురి ముందూ కడ్డీ గుచ్చి, తేమ ఉందని బండి వెనక్కి తిప్పి పంపించాడు. ఆ తర్వాత ఈరన్న మళ్ళీ ఆయన గడప తొక్కలేదు. వేసవి వస్తే మందను తోలుకొని ఓర్వకల్లు వైపు చేలల్లో ఎరువుకు కడతాడని మాత్రం వలికి తెలుసు. వ్యాను తీశాడు.

గొర్రెలు రోడ్డు వార తుమ్మచెట్ల కింద తలలు కింద పెట్టుకొని గుంపుగా నిలబడి ఉన్నాయి. ఈరన్న కంబడి పరుచుకొని రాగిముద్ద తింటున్నాడు. పక్కన నల్లటి కుక్క, పేరు కరియ. లేవకుండానే గుర్రుమంది.

"ఓహో, వలి అల్లుడా!" ఈరన్న ముద్ద మింగాడు. "ఈ ఎండలో ఇంత దూరం! కడ్డీ తెచ్చినావా, లేదా?"

"మామా, ఎగతాళి మళ్ళీ చేద్దువు. నా కుక్క సస్తాంది."

చెప్పాడు. పిడుదులూ, అంకెలూ, రెండు గీతలూ. ఈరన్న తినడం ఆపకుండానే విన్నాడు.

"నా కుక్కకు పిడుదులు లేవని నీకెట్ల తెల్సు?"

"నాకు తెలీదు. నువ్వు చెప్పల్ల."

"పొద్దు మునిగే యాలకు గొర్రెలు దడి లోపలికి పోతాంటే ఒక్కోదాన్నీ తడుముతా. నూట అరవై. వాటి కంటే ముందు వీన్ని. ఊలు కింద ఏముండాదో కంటికేం తెల్సు అల్లుడా? వేలికి తగలాల. దొరికినదాన్ని రాయి మీద పెట్టి నలిపేస్తా. మా నాయన అట్లే చేసె. ఈడ గొర్రెలు కాసే వాళ్ళంతా అట్లే చేస్తాం." నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు. "ఎంత రక్తం కావాల?"

"నాలుగు వందల మిల్లీలు."

"నాకు మిల్లీలు తెలీవు. చెంబుతో చెప్పు."

"అరచెంబు."

"పావుచెంబు ఇస్తా."

"పావు సాలదు మామా. నీ కుక్క ఇరవై తొమ్మిది కిలోలుంటాది. కిలోకు పదహైదు మిల్లీల దాకా తీసినా దానికేమీ కాదని డాక్టరమ్మ చెప్పింది. వారం దినాలు రొంత నీరసం, అంతే."

"ఆ వారం దినాలు నా మంద ఎవరు కాయాల? ఈడ ఊరకుక్కలు గుంపులు గుంపులు తిరుగుతాండాయి."

"నేనొచ్చి పండుకుంటా."

ఈరన్న పగలబడి నవ్వాడు. "నువ్వా! మా పొట్టేలు తల ఊపితే కోయిలకుంట్ల దాకా పరిగిస్తావు."

వలి నవ్వలేదు. వ్యాను వెనక తలుపు తీసి పట్టుకొని నిలబడ్డాడు. అది చూసి ఈరన్న నవ్వు ఆపేశాడు.

"ఆ పొద్దు నా శనగల్లో తేమ ఉండెనా అల్లుడా?"

"ఉండె మామా."

"ఉండెలే. నేనేమన్నా లేదంటినా? నలుగురిలో తిప్పి పంపినావు, అది మండింది. గాని నువ్వు అబద్ధమైతే ఆడలేదు." లేచి కంబడి దులిపాడు. కుక్క కూడా లేచింది. "పా. మంద ఇంటామె చూసుకుంటాది. ఒక్క మాట. నా కుక్కను ఎట్ల తీసుకపోతాండావో, అట్లే తెచ్చి దించల్ల."

"అట్లే తెచ్చి దించుతా" అన్నాడు వలి. కరియ వ్యాను వెనక ఎక్కి, మూలనున్న సంచి మీద ముడుచుకొని పడుకుంది.

క్లినిక్‌లో కాటా మీద కరియ బరువు ఇరవై ఎనిమిది కిలోల ఆరువందల గ్రాములు. ప్లాస్టిక్ పలక మీద ఒక్కటే గీత. పది నిమిషాలు చాలవని వలి ఇరవై నిమిషాలు చూశాడు. ఒక్కటే. ఈరన్న కుక్క తలను ఒళ్ళో పెట్టుకొని, "ఇప్పుడు కడ్డీ నీకు గుచ్చుతారంట, కదలాకు కరియా" అని చెవిలో చెప్పాడు. సూది మెడలో దిగినా అది కదల్లేదు.

సంచి నిండింది. ఈసారిది రక్తం సంచి.

"వలిగారూ, వీణ్ణి కదలకుండా పట్టుకోవాలి. నాకు రెండు చేతులూ పని ఉంది" అంది డాక్టరమ్మ.

వలి చొక్కా చేతులు పైకి మడిచాడు. ఐదేళ్ళ మూరెడు దూరం దాటడానికి ఒక్క క్షణం పట్టింది. అరచెయ్యి బొచ్చులోకి వెళ్ళింది. పైకి నున్నగా మెరిసే ఆ వీపు కింద ఎముకలు బుట్ట ఈనెల్లా ఒక్కొక్కటే తగిలాయి. వేళ్ళకు ఇంకేదో తగిలింది. గింజలు. చెవి మడతలో మూడు. మెడ కింద వరసగా ఆరు. చంకలో ఒక గుత్తి. కాలివేళ్ళ సందుల్లో, తోక మొదట్లో. ముప్పై ఏళ్ళు గింజను తడిమి రకం చెప్పిన వేళ్ళు అవి. డాక్టరమ్మ పట్టుకారు ఇచ్చి ఎలా పట్టి లాగాలో చూపించింది. రక్తం చుక్క చుక్కగా దిగుతున్న మూడు గంటలూ ఆయన ఒక్కొక్కదాన్నీ లాగి స్పిరిటు సీసాలో వేశాడు. వేసినదల్లా లెక్కపెట్టాడు. డెబ్బై ఒకటి.

చివరికి సంచిగాడి చిగుళ్ళలోకి లేత గులాబి రంగు వచ్చింది. కళ్ళు తెరిచాడు. తన మీద ఉన్న చెయ్యి ఎవరిదో చూశాడు. తోక బల్లకు ఒక్కసారి తగిలింది.

ఈరన్ననూ కరియనూ వ్యానులోనే మంద దగ్గర దించి వచ్చాక, గుల్షన్ బీ మళ్ళీ ఫోను చేసింది.

"తాకినావా?"

"తాకినా."

"ఎట్లుండాడు?"

"మెత్తగా ఉండాడు గుల్షన్" అన్నాడు వలి.

మర్నాడు చిక్కదనం పదిహేడు. వలి ఆ అంకెను ఇంటికి చెప్పాడు, గంగక్కకు చెప్పాడు, నిన్న నవ్విన వాళ్ళల్లో ఇద్దరికి చెప్పాడు. సంచిగాడు నాలుగు చెంచాల గంజి తాగాడు. తాగినవి వలి లెక్కపెట్టాడు. మూడోనాటి పొద్దున మళ్ళీ ముక్కులోంచి రక్తం మొదలైంది. డాక్టరమ్మ కాగితం చూస్తుండగానే వలి చెయ్యి చాచి తీసుకున్నాడు. పదమూడు. గడ్డకట్టించే కణాలు ఎనిమిది వేల నుంచి నాలుగు వేలు.

"ఇంకోసారి ఎక్కిద్దాం. నేను ఇంకో కుక్కను తెస్తా. ఆదోని పోతా, కడపకు పోతా."

"ఎక్కించింది ఎక్కించినట్టు పోతోంది వలిగారూ. ఎముకల లోపల రక్తం తయారయ్యే చోటు ఉంటుంది. అది ఆగిపోయింది. ఇప్పుడు మందు పనిచేస్తున్నా, కొత్త రక్తం పుట్టడం లేదు."

"మూడు వారాల ముందర తెచ్చి ఉంటే?"

ఆమె తల దించుకుంది. "ఈ మాత్రలే చాలేవి" అంది.

వలి వెనక్కి లెక్కపెట్టాడు. గంగక్క చీపురు పట్టుకొని తన ముందు నిలబడిన రోజుకు ఇవాళ్టికి ఇరవై నాలుగు. మూడు వారాలు, పైన మూడు రోజులు. ఎనిమిది వందల బస్తాలకు వాసన పట్టకూడదని తాను అనుకున్న రోజు. చెయ్యి పెట్టి ఏరమని ఆమె అన్న రోజు. సరుకు చూడడం రాని వాళ్ళను ఎంతోమందిని బస్తా పైభాగం చూసి మోసపోయావని ఎగతాళి చేశాడు. తన గోడౌనులో ఐదేళ్ళుగా ఉన్న ఒక్క ప్రాణాన్ని పైపైనే చూశాడు. ఈ తప్పును ఏ కొలతతో కొలిచినా తక్కువకు రావడం లేదు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు సంచిగాడు పోయాడు. తల వలి ఒళ్ళోనే ఉంది. తెల్ల పైజామా మోకాళ్ళ దగ్గర ఎర్రగా తడిసింది. ఆయన లేవలేదు. జొహర్ నమాజు వేళ దాటిపోతోందని తెలుసు. చేతిని వాడి వీపు మీద నుంచి తియ్యలేకపోయాడు. వేడి పూర్తిగా పోయేదాకా అలాగే కూర్చున్నాడు.

తర్వాత తానే ఎత్తుకొని వ్యాను దగ్గరికి నడిచాడు. వెనక తలుపు తీశాడు. ఉత్త రేకు మీద పడుకోబెట్టడానికి మనసు రాక, మూలనున్న సంచిని విప్పి పరచబోయాడు. మడతలో ఏదో కదిలింది. రక్తం తాగక ముందు పిడుదు నువ్వుగింజంతే ఉంటుంది. ఒకటి సంచి అంచు మీద ఎక్కి, ముందుకాళ్ళు గాలిలో చాచి, దేనికోసమో వెతుకుతోంది. దాని వెనక ఇంకో రెండు.

కరియ పడుకుంది ఈ సంచి మీదే. రానూ పోనూ.

ఎట్ల తీసుకపోతాండావో అట్లే తెచ్చి దించల్ల.

డాక్టరమ్మ దగ్గర స్పిరిటు సీసా, పట్టుకారు అడిగి తీసుకున్నాడు. సంచిని క్లినిక్ వెనక ఖాళీ స్థలంలో పడేసి నిప్పు పెట్టి, అంచులు కూడా బూడిదయ్యేదాకా నిలబడ్డాడు. ఆమె ఒక పాత దుప్పటి ఇచ్చింది. కుక్కను అందులో చుట్టాడు. కరియకు రక్తం తక్కువగా ఉన్న ఈ వారంలోనే పిడుదులు పట్టుకుంటే ఏమవుతుందో దారంతా లెక్క వేశాడు. ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా ఒకచోటికే చేరింది.

ఓర్వకల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. మంద దడి వైపు తిరిగింది. దుమ్ములో గొర్రెల గిట్టల చప్పుడు. ఈరన్న దడి వాకిట్లో గొంతుకూర్చొని ఉన్నాడు. వ్యానును చూసి లేచాడు. వెనక తలుపు అద్దంలోంచి దుప్పటి చుట్టను చూశాడు.

"మామా, కరియను తడిమినావా?"

"ఇంకా లేదు. ఇప్పుడే మంద తిప్పినా."

"నిన్నా మొన్నా?"

ఈరన్న ఇబ్బందిగా కదిలాడు. "నీరసంగా ఉండాడని పండుకోనిచ్చినా. రెండు దినాలు ఇడ్సినా. ఏం?"

"నేను తడుముతా."

"నువ్వా?"

వలి అప్పటికే మట్టిలో కూర్చున్నాడు. కరియ గుర్రుమంది, వాసన చూసింది, ఆ పైజామా మీది ఎర్ర మరకను మూతితో తాకింది. గుర్రుమనడం ఆపింది. వలి రెండు చేతులూ దాని బొచ్చులోకి పోనిచ్చాడు. నుదుటి నుంచి మొదలుపెట్టాడు. ఒక్క వేలు వెడల్పు చోటు కూడా వదలకుండా వెనక్కి వచ్చాడు. మెడ, ఖాళీ. రక్తం తీసిన చోట చిన్న గాటు. వీపు, ఖాళీ. పొట్ట, ఖాళీ. ముందుకాళ్ళు, చంకలు. ఎడమ చెవి. కుడిచెవి వెనక మడతలోకి వేలు పోగానే ఆగింది. నువ్వుగింజంత. ఇంకా ఉబ్బలేదు, పల్చగానే ఉంది. పట్టుకారు దించి, చర్మానికి ఆనించి పట్టి, నెమ్మదిగా లాగాడు. కాళ్ళు ఆడిస్తూ బయటికి వచ్చింది.

దాన్ని ఈరన్నకు చూపించాడు.

"ఇది నాది మామా. నా గోడౌన్ది."

ఈరన్న దడి పక్క నుంచి నల్లటి రాయి తీసి ఆయన ముందు పెట్టాడు. వలి దాన్ని రాయి మీద పెట్టి బొటనవేలి గోటితో నలిపాడు. రక్తం రాలేదు. అది ఇంకా ఏమీ తాగలేదు.

"రెండు దినాల్లో అది ఆ క్రిమిని లోపల దించి ఉంటాదా?" అని అడిగాడు ఈరన్న.

"తెలీదు. ఉబ్బలేదు, అదొక్కటే ఆశ. పదహైదో నాడు నేనే వచ్చి డాక్టరమ్మ కాడికి తీసుకపోతా. గీత చూపిస్తా. మళ్ళా నెలకు ఇంకోసారి. అంతవరకు దినమూ తడుము. ఒక్క పూట గూడా ఇడ్సాకు."

"సరే. నువ్వు గోడౌన్లో ఏం చేస్తావు?"

"పొద్దున్నే ఎనిమిది వందల బస్తాలూ బయటేస్తా. నెర్రెలన్నీ మందుతో కడిగిస్తా. సరుకు వాసన పడితే పడనీ." దుప్పటి చుట్ట వైపు చూశాడు. "వీన్ని ఆడ పూడ్చి మొదులుపెడతా."

గొర్రెలు దడి వాకిట్లో ఒత్తుకుంటున్నాయి. చేతులు కడుక్కోమని ఈరన్న చెంబుతో నీళ్ళు తెచ్చాడు. సాయంత్రపు మగ్రిబ్ నమాజుకు ఇంకా కొంచెం పొద్దు ఉంది. వలి చెంబు అందుకోలేదు.

"ఉండు మామా, వెనక కాళ్ళ సందులు చూడలేదు" అని మళ్ళీ కరియ మీదికి వంగాడు.